న్యాయపు త్రాసు

హ్యాండిక్యాపు అను మాట వినఁగానే మన విద్యార్థులలోఁ బలువురకు బస్సు పాసులును, ధ్రువపత్రములును జ్ఞప్తికి వచ్చును. అంగవైకల్యము గలవారిని గుఱించి మన దేశమున ఆ మాటను చిరకాలము వాడుటయే యిందుకుఁ గారణము. హైటెక్ సిటీలో నున్నతోద్యోగము చేయు నొక పెద్దమనుష్యుఁడు నవ్వుచు "నా హ్యాండిక్యాపు పదునెనిమిది" యని చెప్పుట వినినచో వారు మిగుల నాశ్చర్యపడుదురు. గోల్ఫు ఆటలో ఆ మాటవలన నెవరికిని చిన్నతనము లేదు. అది యాటగాని శక్తిని కొలిచి తెలుపు సంఖ్య. ఆ సంఖ్యను ఎట్లు కట్టుదురో, ఎవరు కాపాడుదురో తెలిసికొన్నపిదప, మన తరగతులలోని మార్కుల పట్టికలను గుఱించి నాకుఁ గొన్ని తలంపులు కలిగెను. వానిని విద్యార్థులకును, వారి తలిదండ్రులకును విన్నవింపఁ గోరుచున్నాను.

ఈ మాట పుట్టుక వినోదకరమైనది. పదునేడవ శతాబ్దమున ఇంగ్లండులో ఇద్దఱు తమ వస్తువులను మార్చుకొనఁ గోరినపుడు ఒక మధ్యవర్తిని పెట్టుకొనెడివారు. తక్కువ వెలగల వస్తువుతో నెంత సొమ్ము కలిపి యీయవలెనో అతఁడు నిర్ణయించును. కొంత పైకమును టోపీలో నుంచి, ఇద్దఱును అందు చేయిపెట్టి తీసి, తమ సమ్మతినో యసమ్మతినో తెలుపుదురు. "టోపీలో చేయి" అను నర్థముగల యాంగ్లపదములే కాలక్రమమున నొక్క మాటయైనవి. పిమ్మట నది గుఱ్ఱపు పందెములలోఁ బ్రవేశించెను. మన మలక్‌పేట మైదానమున నేఁటికిని హ్యాండిక్యాపు పరుగులలో మేటి గుఱ్ఱముమీఁద నెక్కువ బరువు మోపుదురు. పందెములు కాయుట మనకు వలదు గాని, అందలి యూహ గ్రహింపఁదగినది. అసమానులు సమముగఁ బోటీపడవలెనన్న మధ్యవర్తియు, ఉభయుల సమ్మతియు నుండవలెను.

1998 నవంబరులో సైబర్ టవర్సు ప్రారంభమైననాఁడు మాదాపూరు చుట్టును బండలును తుప్పలును విస్తారముగ నుండెను. నేఁడు ఆ ప్రాంతమంతయు అద్దాల మేడలతో నిండియున్నది. గచ్చిబౌలికిని మణికొండకును సమీపమున, ఆ బండల నడుమనే బౌల్డర్ హిల్స్ అను 18 గుంటల గోల్ఫు మైదానము వెలసినది. గోలకొండ కోటప్రక్క, ఏనుగుల చెట్టని పేరొందిన పురాతన వృక్షముగల నయాఖిల్లాలో, హైదరాబాదు గోల్ఫ్ క్లబ్బు కలదు. కంప్యూటరు కంపెనీలో పనిచేయు మా పూర్వ విద్యార్థి యొకఁడు ఒక శనివారము ప్రాతఃకాలమున నన్ను ఆట చూచుటకుఁ దోడుకొనిపోయెను.

అతఁడు గడ్డిలోని బంతిని కొట్టుటకు కఱ్ఱను ప్రక్కన నానించుచుండఁగా బంతి వెండ్రుకవాసి కదలెనఁట. నేను చూడలేదు, తోడి యాటగాఁడు నలుబది గజముల దూరమున నుండెను. మా వాఁడే అతనిని కేకవేసి పిలిచి, తన కొక దెబ్బ జరిమానా వ్రాయుమని చెప్పి, బంతిని యథాస్థానమున నుంచి యాడెను. "ఎవరును చూడలేదు గదా?" యని నేనడిగితిని. "మాస్టరుగారూ, నా సంఖ్య అబద్ధమైనచో నాతో నాడువారి యాటయంతయు నబద్ధమగును" అని యతఁడు బదులు చెప్పెను.

ఆ సంఖ్య యేమో వివరించెదను. గోల్ఫులో బంతిని కఱ్ఱతోఁ గొట్టుచు వరుసగ 18 గుంటలలోఁ బడవేయవలెను. తక్కువ దెబ్బలలో ముగించినవాఁడు గెలుచును. మేటి యాటగానికిఁ బట్టఁదగిన దెబ్బల లెక్కను పార్ అందురు. అది సాధారణముగ 72. హ్యాండిక్యాపు 6 గలవాఁడు 80 దెబ్బలలోను, 22 గలవాఁడు 95 దెబ్బలలోను ముగించిరనుకొందము. మొదటివానికి 6 తీసివేసిన 74. రెండవవానికి 22 తీసివేసిన 73. కాఁబట్టి రెండవవాఁడే గెలిచెను. నలుబదియేండ్లు ఆడిన తాతయు, నిన్న మొన్న నేర్చిన మనుమఁడును ఒక్క ఉదయమున నిజమైన పోటీగ నాడుట కీ యేర్పాటు వీలు కల్పించును.

2020 జనవరికిఁ బూర్వము ప్రపంచమున నిందుకు ఆఱు వేర్వేఱు పద్ధతులుండెను. సెయింట్ ఆండ్రూస్‌లోని ఆర్ అండ్ ఏ సంస్థయు, అమెరికా గోల్ఫు సంఘమును కలిసి వానిని ఒక్కటిగఁ జేసిరి. 1955లో స్థాపితమైన ఇండియన్ గోల్ఫ్ యూనియన్ మన దేశమున దీనిని నడపుచున్నది. క్రొత్తవాఁడు మొత్తము 54 గుంటల యాట ఫలితములను తోడివారి సంతకముతో నొప్పగించినచో అతనికి సంఖ్య యేర్పడును; అది 54.0కు మించరాదు. మైదానములన్నియు నొక్కటి కావు గనుక ఒక్కొక్కదాని కష్టమును 55 మొదలు 155 వఱకు నంకెలతోఁ గొలుతురు, 113 మధ్యరకము. 18.0 సంఖ్య గలవాఁడు, తక్కినవన్నియు సమముగ నుండఁగా, 130 కష్టముగల మైదానమున 21 దెబ్బలును, 104 గలచోట 17 దెబ్బలును పొందును. ఒక్క గుంటలోఁ గలిగిన దురదృష్టము లెక్కనంతటిని చెఱుపకుండ, ప్రతి గుంటకును నొక పరిమితి కలదు. పార్ 4 అయి, అచట నొక దెబ్బ మినహాయింపున్నచో, తొమ్మిది కొట్టినను ఈ లెక్కకు ఏడే వచ్చును.

నన్ను మిక్కిలి ఆకర్షించినది తరువాతి నియమము. ఆటగాని కడపటి 20 ఆటలలో ఉత్తమమైన 8 ఫలితములను మాత్రమే తీసి వాని సగటు కట్టుదురు. ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో మాకు అన్ని మార్కులను కూడి భాగించు సగటు నేర్పిరి. ఆ లెక్కలో జ్వరముతో వ్రాసిన పరీక్షయు, ఇంట దుఃఖము గలిగిననాఁటి పరీక్షయు బాలునిపై సమానముగ భారము మోపును. గోల్ఫు లెక్క యడుగు ప్రశ్న వేఱు. ఇతఁడు బాగుగ నాడిననాఁడు ఎంతవాఁడు? అదియే యాతని సంఖ్య. పండ్రెండు చెడ్డ దినములను అది క్షమించును గాని, ఎనిమిది మంచి దినములను మఱచిపోనీయదు. క్రొత్త యాట వచ్చినకొలఁది పాతది జాఱిపోవును గనుక ఎవఁడును తన పూర్వపు కీర్తితో గాని, పూర్వపు అపకీర్తితో గాని కలకాలము జీవింపఁజాలఁడు.

ఇట్టి లెక్కను చెఱుపుటకు రెండు త్రోవలున్నవి. ఒకఁడు తన చెడ్డ ఆటలను దాఁచి, చిన్న సంఖ్యను చూపి గొప్పలు చెప్పుకొనును. వానికిఁ దగిన దెబ్బలు దొరకక తానే యోడిపోవును. ఇంకొకఁడు బహుమానము లేని దినములలోఁ గావలెనని చెడుగ నాడి సంఖ్యను పెంచుకొని, బహుమానపు దినమున తన యసలు బలమును బయటపెట్టును. ఇది దొంగతనము. అందుకొఱకే ఆడిననాఁడే లెక్కలు ఒప్పగింపవలెను. తోడివాఁడు సాక్షిగ సంతకము చేయవలెను. క్లబ్బులోని హ్యాండిక్యాపు సంఘము వానిని సరిచూడవలెను. గడచిన 365 దినములలోని కనిష్ఠ సంఖ్యకంటె 3 పెరిగినపిదప పెరుగుదలలో సగమే లెక్కకు వచ్చును. 5 దాఁటి యెంతమాత్రము పెరుగనీయరు. ఎవఁడైన తన సంఖ్యకంటె 7 మెఱుఁగుగ నాడెనా, వెంటనే సంఖ్య 1 తగ్గును. 10 మెఱుఁగైన 2 తగ్గును. అయినను ఇంతమంది కావలివారును బండచాటున నొంటరిగ నున్న యాటగానిని చూడలేరు. కడపటి కావలి మనస్సాక్షియే.

విద్యార్థులారా, పరీక్షలలో మీకుఁ గలుగు శోధన మీ బలమును ఎక్కువగఁ జూపవలెనని. గోల్ఫులోని శోధన దానిని తక్కువగఁ జూపవలెనని. మన తరగతులలో రెండవదియు లేకపోలేదు. జవాబు తెలిసియు వెనుకబల్లపై తల వంచుకొని కూర్చుండు బాలుని నే నెఱుఁగుదును. ఒకసారి బాగుగ వ్రాసినచో ప్రతిసారియు అంతయే యడుగుదురని వాని భయము. ప్రభువు చెప్పిన తలాంతుల యుపమానమున యజమానుఁడు ముగ్గురికిని సమానముగ నీయలేదు; ఎవని సామర్థ్యము ననుసరించి వానికిచ్చెను. శిక్ష పొందినవాఁడు తక్కువ పొందుటచేఁ గాక, పొందినదానిని మట్టిలోఁ బాతిపెట్టుటచే శిక్ష పొందెను. 28 మార్కులనుండి 46కు వచ్చిన బాలికయు, ఏఁటేఁట 80లోనే నిలిచిన బాలుఁడును మా యెదుట నిలిచినప్పుడు, బహుమాన పట్టికలో నొక్క పేరే వ్రాయవలసి వచ్చుట నాకు కష్టముగ నుండును. అభివృద్ధికి వేఱొక బహుమానము మన పాఠశాలలలో నుండవలెనని నా మనవి.

అయితే ఈ త్రాసుకును హద్దులున్నవి. ఆటలోని వ్యత్యాసమును అది సరిచేయును గాని, ద్వారము వెలుపలి వ్యత్యాసమును సరిచేయదు. గడ్డి కోయువారును, సంచి మోయు క్యాడీలును, వారిలో నెందఱు నేర్పరులైనను, సభ్యత్వపు రుసుము చెల్లింపఁజాలరు. మఱియు వృత్తిగ నాడువారి గొప్ప పోటీలలో మినహాయింపు దెబ్బలు లేవు. కొట్టినవన్నియు లెక్కకు వచ్చును. మీ ప్రభుత్వ పరీక్షలును అట్టివే. కావున అభివృద్ధి బహుమానము నొందిన బాలిక 46తోఁ దృప్తిపడరాదు. మినహాయింపు నేర్చుకొనువానికిచ్చిన చేయూత. ఆట పెరిగినకొలఁది అది తనంతట తఱుగుచుండును. ప్రతి యాటగాఁడును అట్లు తఱుగుటయే కోరుచు శ్రమపడును.

తలిదండ్రులారా, మీ పిల్లల మార్కులను ప్రక్కింటి పిల్లల మార్కులతోఁ బోల్చుటకు ముందు, వారి ఉత్తమ దినములు ఎట్టివో తెలిసికొనుఁడు. విద్యార్థులారా, మీ శక్తిని పెంచియు చెప్పవలదు, దాఁచియు ఉంచవలదు. బంతి వెండ్రుకవాసి కదలినను, చూచినవారు లేకున్నను, మీ చీటిమీఁద ఆ యొక్క దెబ్బను మీరే వ్రాసికొనుఁడు.