నొప్పియు, నీళ్లబిందెయు

నిరుడు నా భార్య నడుము నొప్పికి వైద్యుని సలహాపై ‘టెన్స్’ అను చిన్న విద్యుద్యంత్రమును కొంటిని. జిగురు బిళ్లలు రెండు నడుమున నంటించి మీట నొక్కఁగా, చీమలు ప్రాకినట్లై బాధ కొంత యడఁగెను. క్రీ.శ. 1వ శతాబ్దమున రోమను వైద్యుఁడు స్క్రిబోనియస్ లార్గస్ తలనొప్పికి విద్యుత్తుగల చేపను నొప్పిచోట నుంచుమనెను. స్పర్శనరములు మేల్కొన్నచో వెన్నుపామున నొక ద్వారము మూసికొని నొప్పిని కొంత యడ్డగించునని 1965లో మెల్జాక్, వాల్ అను శాస్త్రజ్ఞులు ప్రతిపాదించిరి. పేస్‌మేకరు గలవారు వైద్యుని యనుమతి లేక దీనిని వాడరాదు.

అరగంటకు ఆమె బిళ్లలు తీసివేసి నీళ్లబిందెను చంక నెత్తుకొనెను. పత్రిక చదువుచున్న నాకు సిగ్గు కలిగెను. నేను కొన్నది ఆమె నొప్పికి మందా, ఇంటిపని యాగకుండుటకు సాధనమా? యంత్రము బాధను మఱపించును గాని బిందెను మోయదు. నాఁటినుండి నీళ్లు నేనే తెచ్చుచున్నాను.