లెమాంటులో ఒక చిత్రప్రదర్శనము

చికాగో నగర దక్షిణభాగమున, గిడ్డంగులును లారీల రాకపోకలును తప్ప వేరేమియు కానరాని ఒక వీథి మొగమున, సున్నపురాతితో కట్టిన పాతద్వార మొకటి ఒంటరిగా నిలిచియున్నది. 1865లో తెరువబడి 1971లో మూతపడిన యూనియన్ స్టాక్‌యార్డ్స్ అను మహాపశుసంతకు ప్రవేశమార్గ మిదియే. ఆ సంత నానుకొని వెలసిన వధశాలలలో కూలికై సముద్రములు దాటి వచ్చిన జనులలో లిథువేనియనులు వేలకొలదిగా నుండిరి. వారి కష్టములే ఇతివృత్తముగా అప్టన్ సింక్లెయిర్ 1906లో వెలువరించిన ‘ది జంగిల్’ నవల అమెరికాలో ఆహారశుద్ధి చట్టములకు ప్రేరకమైనది. ఆ నవల చదివిన లోకము మాంసపు డబ్బాలలోని మాలిన్యమును జ్ఞాపకముంచుకొన్నదే కాని, అది ఒక లిథువేనియను పెండ్లివిందుతో, పాటలతో, ఫిడేలు నాదముతో ఆరంభమగునని జ్ఞాపకముంచుకొన్నవారు అరుదు. పొట్టకూటికై వచ్చినవారు తమ పాటను వెంటదెచ్చుకొనిరన్న ఆ సంగతి నన్ను చిరకాలముగా ఆకర్షించుచున్నది. వారి మునిమనుమల కాలమున ఆ పాట ఏమైనదో, దానిని నిలుపుచున్నవారెవరో కన్నులార చూడగోరి, ఆ నగరమున ఉద్యోగము చేయుచున్న మా మేనల్లుని కారులో ఆ ద్వారమునొద్దనుండియే నా యాత్ర నారంభించితిని.

అచటినుండి నైరుతిగా పోగా మార్క్వెట్ పార్కు అను విశాలోద్యానము వచ్చును. దాని అంచున 1935లో నెలకొల్పిన స్మారకము స్టెపోనాస్ దారియుస్, స్టాసిస్ గిరేనాస్ అను వైమానికులది. 1933 జూలై 15న వా రిరువురును ‘లితువానికా’ అను చిన్న విమానమున న్యూయార్కునుండి బయలుదేరి, ఎచటను ఆగక అట్లాంటిక్ మహాసముద్రమును దాటి, 37 గంటలకు పైగా ఎగిరి, గమ్యమైన కౌనస్ పట్టణము ఇంక 650 కిలోమీటర్ల దూరముననుండగా, నేటి పోలండులోని ఒక అడవిలో కూలి మరణించిరి. ఆ విమానమునకు ధనమిచ్చినది ప్రభుత్వము కాదు. వనభోజనములలోను, విమానవిన్యాసముల ప్రదర్శనలలోను కూలినాలి చేయు ప్రవాసులు వేసిన చందాలే దాని వెలయైనవి. ఈ కథను రైమొండాస్ వాబాలాస్ 1983లో చలనచిత్రముగా తీసెను. విమానమునకు డబ్బిచ్చినది ప్రవాసము. చిత్రమును తీసినది సోవియట్ ఏలుబడిలోని స్వదేశము. ఒకే కథ రెండు తీరములయందు ఇట్లు విడివడియుండుట ఆ స్మారకము ముందు నిలిచినప్పుడే నా మనస్సున నాటుకొన్నది. ఆ సాయంకాలము నేను వినబోవు వాదమునకు మూలమదియే యని అప్పటికి తెలియలేదు.

ఆ ఉద్యానమునకు సమీపమున 69వ వీథిలో కొంతభాగమునకు లిథువేనియన్ ప్లాజా అను పేరు నేటికిని నిలిచియున్నది గాని, ఆ పేరు పెట్టుకొన్నవారు మాత్రము చాలవరకు శివారు గ్రామములకు తరలిపోయిరి. పులాస్కీ మార్గమున బల్జెకాస్ లిథువేనియా సంస్కృతి ప్రదర్శనశాల కలదు. కార్ల వ్యాపారియైన స్టాన్లీ బల్జెకాస్ దానిని 1966లో స్వయముగా స్థాపించెను. బాల్టిక్ సముద్రము ఒడ్డునకు చేర్చు తృణమణి రాళ్లు, మగ్గపు నేతలు, ఈస్టరు పండుగకు మైనముతో గీతలు దిద్ది రంగులద్దిన గ్రుడ్లు, గడ్డిపోచలతో అల్లిన క్రిస్మస్ అలంకారములు అచట చూచితిమి. గ్రుడ్లకు రంగులు వేయుట పిల్లలకు నేర్పుచున్న యొక వృద్ధురాలు మమ్ములను కూర్చుండబెట్టి, వస్తువులను అద్దాల వెనుక దాచినంత మాత్రమున సంస్కృతి నిలువదనియు, చేతికి పని చెప్పిననాడే నిలుచుననియు నెమ్మదిగా చెప్పినది. చలనచిత్రములు చూడగోరువారు లెమాంటు పోవలయునని దారి చూపినదియు ఆమెయే.

లెమాంటు పేరు వినగానే మా మేనల్లుడు నవ్వినాడు. “మామయ్యా, అది మన రాముడి గుడి ఉన్న ఊరే. నెలకొకసారి పిల్లల్ని తీసుకుని వెళ్తూనే ఉన్నాం. వాళ్ల భవనం ముందునుంచి ఎన్నిసార్లు పోయామో, లోపల ఏముందో ఒక్కసారీ అడగలేదు” అన్నాడు. చికాగో మహానగరపు హిందూదేవాలయము వెలసిన కొండయు, ప్రపంచ లిథువేనియనుల కేంద్రము వెలసిన ఆవరణమును ఒకే చిన్న ఊరిలో నుండుట నాకును క్రొత్త విషయమే. డెస్‌ప్లేయిన్స్ నది ఒడ్డున గట్టులెత్తిన ఆ సీమ పూర్వము సున్నపురాతి గనులకు ప్రసిద్ధము. ముందుగా శ్రీరామదర్శనము చేసికొని, ప్రసాదము స్వీకరించి, ప్రొద్దు వాలుచుండగా ఆ కేంద్రము చేరితిమి.

ఒకప్పుడు క్రైస్తవ గురువులను తీర్చిదిద్దిన విద్యాలయపు భవనమది. 1980ల చివర లిథువేనియనులు దానిని కొని తమ ఇల్లుగా మార్చుకొనిరి. పొడవైన నడవలు, ప్రార్థనామందిరము, చిత్రశాల, బాస్కెట్‌బాల్ ఆటస్థలము, శనివారముల మాతృభాష నేర్పు మైరోనిస్ పాఠశాల, అన్నియు ఒకే కప్పు క్రింద నున్నవి. వంటయింటినుండి వేయించిన ఉల్లిపాయల వాసన నడవ పొడవునను వ్యాపించియుండెను. లోపల కొందరు స్త్రీలు బంగాళాదుంప కోరుతో చేయు కుగెలిస్ అను వంటకమును పళ్లెములలో కోయుచుండిరి. ఒక ప్రక్క నల్లని రై రొట్టె, వేరొక ప్రక్క బీట్‌దుంపతో గులాబివర్ణమైన చల్లని మజ్జిగపులుసు. వంట వారికి కేవలము వంట కాదు. లిథువేనియా స్వాతంత్ర్యము కోల్పోయిన అర్ధశతాబ్దమంతయు చికాగోలోని ఆ దేశపు దౌత్యకార్యాలయము మూతపడలేదు, ఏలనన ఆ దురాక్రమణమును అమెరికా ఏనాడును అంగీకరింపలేదు. కొంతకాలము ఆ కార్యాలయమును నిర్వహించిన యూజే దౌజ్వార్దిస్ అను విదుషీమణి తన దేశపు వంటలపై ఆంగ్లమున పుస్తకము వ్రాసి 1955లో వెలువరించెను. దేశమే పటమునుండి చెరిగిపోయినప్పుడు పాకశాస్త్రము కూడ దౌత్యమే యగునని నాకు తోచినది.

ఆ సాయంకాలపు ప్రదర్శనమును నడుపువారు నలుగురైదుగురు. ఒకామె ఆసుపత్రిలో నర్సు. ఒకడు లారీల రాకపోకలను నడుపు సంస్థలో ఉద్యోగి. తెల్లని జుట్టుగల యొక విశ్రాంత ఇంజనీరు. లాత్వియా సంతతికి చెందిన ఒక యువతి. ఎవరికిని వేతనము లేదు. విల్నియస్‌లోని చలనచిత్రకేంద్రము పాతచిత్రములను శుభ్రపరచి క్రొత్తప్రతులు తీయుచున్నది గదా, ఇంక కష్టమేమి యని నేనడిగితిని. ప్రతి దొరకుట పనిలో పదవవంతు అని నర్సు చెప్పెను. అనుమతిపత్రములు తెప్పించవలె, ఆంగ్లమున తెరమీద కనిపించు మాటలను మూడవతరపు పిల్లవానికి అర్థమగునట్లు సరిచూడవలె, పెద్దవారిని ఇంటినుండి తీసికొనివచ్చి తిరిగి దించుటకు కార్లు కుదుర్చవలె, కుర్చీలు వేయవలె, తీయవలె. ఇవన్నియు పూర్తియైన పిదప అసలు పని మొదలగునట: అది ఒకరి ప్రక్కన ఒకరిని కూర్చుండబెట్టుట.

ఈ మాట తెలియుటకు వారి వలసల చరిత్ర కొంత తెలియవలయును. వధశాలల కాలమున వచ్చినవారు మొదటి తరంగము. 1941 జూన్‌లో వేలకొలది కుటుంబములను సోవియట్ ప్రభుత్వము రైలుపెట్టెలలో సైబీరియాకు తరలించుట కన్నులార చూచి, 1944లో సోవియట్ సైన్యము మరల వచ్చుచున్నదని తెలిసి పారిపోయి, జర్మనీలోని శరణార్థి శిబిరములలో ఏండ్లు గడిపి, 1948 నాటి చట్టముతో అమెరికా చేరినవారు రెండవ తరంగము. వారిలో ఉపాధ్యాయులు, వైద్యులు, కవులు అధికము. పాఠశాలలను, గీతోత్సవములను, నృత్యోత్సవములను, గీతనాటకమండలిని చికాగోలో నిలబెట్టినవారు వారే. 1990 తరువాత స్వతంత్రదేశమునుండి జీవనోపాధికై వచ్చినవారు మూడవ తరంగము. మూడు తరంగములవారును ఒకే దేశమును ప్రేమింతురు గాని, ప్రతివారును తాము విడిచిన దినమునాటి దేశమునే ప్రేమింతురు. రెండవవారి లిథువేనియా 1944లో ఆగిపోయినది. మూడవవారి బాల్యమంతయు ఎఱ్ఱజెండా నీడన గడచినది. సోవియట్ కాలపు చిత్రములు మూడవవారికి తల్లిపాలవంటివి; రెండవవారికి అవి శత్రువు పైకముతో తీసిన బొమ్మలు. వితౌతాస్ జలాకెవిచుస్ తీసిన ‘ఎవ్వరును చావగోరలేదు’ అను చిత్రమును కళాఖండమని మూడవవారనగా, సోవియట్‌ల నెదిరించి అడవులలో పోరాడి మరణించిన మా అన్నదమ్ములను అందులో దుర్మార్గులుగా చూపిరని రెండవవారి బాధ. ఇరువురి మాటయు సత్యమే.

మధ్యాహ్నము పిల్లలకు లాత్వియా దర్శకుడు గింట్స్ జిల్బలోదిస్ తీసిన ‘ఫ్లో’ చూపిరట. 2025లో ఆస్కారు పొందిన ఆ చిత్రమున ఒక్క మాటయు లేదు. వరదలో పిల్లియొకటి పడవనెక్కి తక్కిన జంతువులతో పయనించును. లిథువేనియా, లాత్వియా, ఎస్తోనియా మూడు జాతుల పిల్లలకును అనువాదము లేకయే అది అందినదని లాత్వియా యువతి సంతోషించుచుండెను. ఎస్తోనియనుల భాష తక్కిన రెండింటికిని బంధువే కాదు. అయినను వీరిని బాల్టిక్ జనులని ఒక్కటిగా తలచుట ఎట్లు వచ్చినదో గోడమీది ఛాయాచిత్రము చెప్పును. 1989 ఆగస్టు 23న విల్నియస్‌నుండి రీగా మీదుగా తాలిన్ వరకు, ఆరువందల కిలోమీటర్లకు పైగా, ఇంచుమించు ఇరువది లక్షల జనము చేయి చేయి పట్టుకొని నిలిచిన దినమది. నర్సు ఆనాటికి చిన్నపిల్ల. తండ్రి భుజముల మీద కూర్చుండి చూచితినని చెప్పెను.

దీపములు ఆర్పిరి. మొదట రీగాలో హెర్జ్ ఫ్రాంక్ 1978లో తీసిన ‘పది నిమిషములు పెద్దవాడై’ చూపిరి. బొమ్మలాట చూచుచున్న ఒక బాలుని ముఖమును, ఎచటను కత్తిరింపక, పదినిమిషములు చూపు చిత్రమది; ఛాయాగ్రాహకుడు యూరిస్ పొడ్నియెక్స్. తెరమీద బొమ్మలు కనబడవు. మంచి చెడుల పోరాటమంతయు ఆ పసిముఖమున భయమై, ఆశయై, కన్నీరై, వెలుగై ప్రవహించును. ఇంత స్వల్పసాధనముతో ఇంత గొప్పకార్యము సాధించిన చిత్రమును నేను వేరొకటి ఎరుగను. పిదప అరూనాస్ జెబ్రియూనాస్ 1969లో తీసిన ‘గ్రాజువోలె’. విల్నియస్ పాతపేటలో పిల్లలు గుండ్రముగా చేరి, నడుమ ఆడు బాలికను ఒక్కొక్కరుగా పొగడుదురు. క్రొత్తగా వచ్చిన బాలుడొకడు నీవు అందగత్తెవు కావని కఠినముగా చెప్పును. ఆ మాటతో ఆ పసిహృదయమున జరుగు మథనమే కథ. నినాదము లేదు, జెండా లేదు. నలుపు తెలుపులలో పాత ముంగిళ్లు, మెట్లు, వానకు తడిసిన రాతిబాటలు.

చిత్రము ముగిసిన పిదప ఇంజనీరు లేచి, తాను రెండవ తరంగమువాడననియు, చిత్రమును తీసిన సోవియట్ కాలపు స్టూడియో పేరు తెరపై పడగానే లేచిపోవలెనని అనిపించినదనియు మొగమాటము లేక చెప్పెను. 1950లలోను 60లలోను స్వదేశపు కళాకారులతో సంబంధము కూడదని పట్టుపట్టినవారును, స్వదేశమునకు అభిముఖముగా నిలువవలయునని వాదించిన ‘సంతారా-శ్వియెసా’ సంఘమువారును పరస్పరము ద్రోహులని నిందించుకొన్న దినములను తలచుకొనెను. ఆ సంఘపు ప్రముఖులలో నొకడైన వల్దాస్ ఆదమ్కుస్ తరువాత చికాగో విడిచి పోయి లిథువేనియాకు అధ్యక్షుడైనాడు. “మా తండ్రిగారు ఈ బొమ్మ చూడక పోయినారు, ఆయనకు ఆ వీథులు చూపవలసినది” అని ఇంజనీరు కూర్చుండెను. దానికి లారీసంస్థ ఉద్యోగి, చిన్ననాడు ఈ చిత్రమును ఎన్నిసార్లో చూచితిననియు, ఆ వీథులు విడిచి పోవలసి వచ్చినవారు ప్రక్కన కూర్చుండగా చూచుట మాత్రము ఇదియే మొదలనియు బదులు చెప్పెను. తరువాత కుగెలిస్ పళ్లెములు వచ్చినవి, కాఫీ వచ్చినది. ఆ ఇరువురును ఒకే బల్లవద్ద చాలసేపు మాటలాడుకొనిరి.

నాకు యోనాస్ మేకాస్ జ్ఞప్తికి వచ్చెను. బీర్జాయ్ ప్రాంతపు పల్లెలో 1922లో పుట్టి, యుద్ధమున జర్మనీలో నిర్బంధశ్రమకు చిక్కి, శిబిరములు దాటి 1949లో న్యూయార్కు చేరిన ఆ కవి, వచ్చిన కొలదివారములకే అప్పు చేసి బోలెక్స్ కెమేరా కొని, బ్రూక్లిన్‌లోని తన తోటి ప్రవాసుల కూటములను చిత్రించెను. అదియే తరువాత ‘లాస్ట్, లాస్ట్, లాస్ట్’ అను చిత్రమైనది. 1971లో స్వగ్రామమునకు పోయి తల్లిని చూచి వచ్చి తీసిన చిత్రము వేరొకటి. అమెరికా స్వతంత్రచలనచిత్రమునకు పెద్దదిక్కైన మేకాస్‌ను రేపటి ప్రదర్శనమునకు నిర్ణయించితిమని నర్సు చెప్పినప్పుడు, ఈ చిన్న సంఘపు వివేకమునకు నేను మనస్సున నమస్కరించితిని. పాఠశాల భాషను నేర్పగలదు, ప్రార్థనామందిరము భక్తిని నిలుపగలదు. వేర్వేరు సంవత్సరములలో ఆగిపోయిన జ్ఞాపకములను ఒకే వీథిలో నడిపించు శక్తి మాత్రము చలనచిత్రమునకే కలదనియు, ఆ శక్తి కుర్చీలు వేయువారు లేనిదే పనిచేయదనియు నా నిశ్చయము.

లెమాంటు రామాలయమునకు పోవు తెలుగువారికి నా మనవి యొకటి. దర్శనానంతరము ఆ కేంద్రమునకు కూడ పోయి, చిత్రప్రదర్శనమున్న దినము తెలిసికొని, మీ పిల్లలతో వెనుకవరుసలో కూర్చుండుడు. పిదప మన సంఘములవారిని పిలిచి, 1951 నాటి ‘మల్లీశ్వరి’ని ఆంగ్లపు మాటలు సరిచూచి, తాతలను మనుమలను ఒకే వరుసలో కూర్చుండబెట్టి చూపుటకు ఎవరెవరు ముందుకు వత్తురో అడుగుడు. మా మేనల్లుడు తన పేరు ఇచ్చియున్నాడు.