బొమ్మల కొలువు

పండుగ యలంకారములలో నేవియు నెక్కువకాలము నిలుచునవి కావు. వాకిటి ముగ్గు ప్రొద్దెక్కునప్పటికే కాలిక్రింద చెదరిపోవును. గుమ్మమునకు గట్టిన మామిడితోరణము మూడవనాటికి వాడును. గొబ్బెమ్మలు గోడకెక్కి పిడకలగును. ఏడాదిపాటు భోషాణములో నిద్రించి, మరల వెలికివచ్చి, ముత్తవ్వ తాకిన వస్తువును మునిమనుమరాలి చేతికందించు నలంకారము బొమ్మల కొలువొక్కటియే. కోస్తా జిల్లాలలో పెక్కిండ్ల దీనిని భోగినాడు తీర్తురు. దసరాకు దీర్చు కుటుంబములును గలవు. అరవవారి నవరాత్రి కొలువును, కన్నడిగుల గొంబె హబ్బమును దీనికి తోబుట్టువులే.

మెట్లు బేసిసంఖ్యగా నుండవలెననునది నియమము. పైమెట్టున కలశమును దేవతలును, నడుమ పురాణకథలు, క్రిందికి వచ్చుకొలది మనుష్యలోకము: బావి, అంగడి, పెండ్లి యూరేగింపు, చిన్న పళ్లెములో మొలిపించిన పైరు. మాయింట నేడు మెట్లు. వానిని దీర్చుట మా మేనత్తగారి వంతు. ఆమె కిప్పుడు డెబ్బదియేండ్లు దాటినవి. ఇరువది నాలుగవయేట భర్తను గోల్పోయి పుట్టినింటికి వచ్చిననాటినుండియు నీ కొలువామె చేతిమీదనే నడచుచున్నది.

మా బొమ్మలలో పెద్దపాలు కొండపల్లివి. పొణికికర్ర మిక్కిలి తేలిక, మెత్తన. దానిని సన్నని సెగపై నారబెట్టి తడి పోగొట్టి, తల, మొండెము, చేతులు వేఱువేఱుగా చెక్కి, చింతగింజల పిండిని రంపపు పొట్టుతో గలిపిన ముద్దతో నతుకుదురు. ఆ ముద్దకు మక్కు అని పేరు. ఎండిన పిదప సుద్ద పూసి, ఆపైని మేకవెండ్రుకల కుంచెతో రంగులు దిద్దుదురు. చల్ల చిలుకు నామె, తాటిచెట్టెక్కు గీతగాడు, అంబారీయేనుగు, దశావతారములు — అన్నియు నీ యొక్క కర్రనుండియే. మా మేనత్తగారు చింతగింజలు వేయించి, నానబెట్టి, నూరి, చేయి విఱిగిన గొల్లభామకు తామే చేయి అతుకుదురు. నేను సంస్కృతము చదివితిని, ఆంగ్లము చదివితిని. ఆ యతుకు నా చేత కాలేదు.

ఏటికొప్పాక బొమ్మల పద్ధతి వేఱు. అంకుడుకర్రను తరిణెపై ద్రిప్పుచు లక్కరంగు నొత్తగా, రాపిడివేడికి లక్క కరిగి కర్రకు బట్టును. ఆ లక్కపిడతలు మా కొలువున నాఱవ మెట్టున వంటయిల్లు బెట్టుకొన్నవి.

ఇంతకును నేను చెప్పదలచినది బొమ్మలకు సంబంధించిన యొక చిత్రము. కొలువునకు వచ్చిన క్రొత్తవారినెవ్వరిని మనవారు గెంటివేయలేదు. పూర్వము జపాను సెల్యులాయిడ్ పాపలు, జర్మనీ పింగాణీ పాపలు వచ్చిన, వానికి చోటిచ్చిరి. గాంధిగారు రాట్నముతో వచ్చి కూర్చుండిరి. రైలుబండి వచ్చినది. ఇప్పుడు నా కూతురు ఉపగ్రహమును మోయు రాకెట్టును దెచ్చి దేవతల సరసనే నిలిపినది. కలశమున కేమియు మైలరాలేదు. చైనానుండి వచ్చిన ప్లాస్టిక్కు కోతికిని పీట దొరికినది. దొరకనిది, ఆ మెట్లను గట్టిన మనిషికి.

సాయంకాలము దీపము వెలిగించి పేరంటాండ్రను పిలుచునప్పటికి మా మేనత్తగారు పెరటిగదిలోనికి బోవుట మాయింటి యాచారము. మీలో ననేకుల యిండ్లను నిదియే యాచారము కావచ్చును. భార్య గతించిన పురుషుడు మాత్రము పట్టుపంచ గట్టి నడుమ గదిలో వాలుకుర్చీలో గూర్చుండును. ఆయన నీడ సోకి పసిపాపకు కీడు కలుగునని యెవ్వరును భయపడరు! శాస్త్రమందురా, పేరంటమునకు మంత్రము లేదు, పురోహితుడు లేడు. అది స్త్రీలు నడుపుకొను వేడుక. స్త్రీలు మార్చుకొనదగిన వేడుక. పసుపు, బొట్టు, గాజులు, పూలు ఆడుబిడ్డ పుట్టిననాటినుండి ధరించునవే. భర్త యీయనివాని నాతడు పోవునపుడు తనతో గొనిపోవుట యెట్లు? వితంతు వివాహమునకు చట్టము 1856లో వచ్చినది. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరమున వీరేశలింగము పంతులుగారు తొలి వివాహమును జరిపించిరి. కాని కుంకుమభరిణె చట్టమునకు లోబడు వస్తువు గాదు.

గడచిన భోగినాడు నా భార్య మూడేండ్ల మా పిల్లవానికి భోగిపండ్లు మేనత్తగారే పోయవలెనని పట్టుబట్టెను. అందఱికంటె నెక్కువగా నడ్డుపడినది మేనత్తగారే.

"నాకెందుకమ్మా యీ వేళాకోళం? నా చేత్తో పోయించి, రేపు పసివాడికేమన్నా అయితే ఊరంతా నన్నంటుంది" అనిరి.

"వాడికి పుట్టినప్పటినుంచీ నీళ్లు పోసిందెవరు అత్తయ్యగారూ? జ్వరం వస్తే తెల్లవార్లూ ఒళ్లో పెట్టుకున్నదెవరు? అప్పుడు కాని కీడు రేగుపండ్లతో అవుతుందా?" అని నా భార్య.

దీనికి వారు బదులు చెప్పలేదు. చాలసేపు చెఱకుముక్కలు తరుగుచు గూర్చుండిరి. పిదప లేచి చేతులు గడిగికొని, రేగుపండ్లు, చెఱకుముక్కలు, పూవులు, చిల్లరనాణెములు గుప్పిట బట్టి, పిల్లవాని తలచుట్టు మూడుమారులు ద్రిప్పి పోసిరి. చేయి వణకుట నేను చూచితిని. పిల్లవాడు మాత్రము నాణెముల కొఱకు చాపపై ప్రాకులాడెను.

పిలిచిన పదునాలుగిండ్లలో మూడిండ్లవారు రాలేదు. వచ్చిన వారిలో నొక పెద్దమ్మగారు మేనత్తగారి చేతి శనగలు పుచ్చుకొనక, "ఒంట్లో బాగులేదు" అని వెడలిపోయిరి. తక్కినవారు పుచ్చుకొనిరి, ఒకరిద్దఱు వయసున చిన్నవారు వంగి నమస్కరించిరి. మేనత్తగారు తాము బొట్టు పెట్టుకొనలేదు. మేమును బలవంతపెట్టలేదు; ఏబదియేండ్ల యలవాటు, వారి నొసలు వారిది. కాని పెరటిగదికి బోలేదు. కొలువు ప్రక్కనే పీటవేసికొని, ఏ బొమ్మ యే యేట వచ్చినదో, దేనికెన్నిమాఱులు మక్కు పెట్టినదో పిల్లలకు జెప్పుచుండిరి. ఆ సంగతులలో సగము నేనును వినియుండలేదు.

పండుగ కడచిన పిమ్మట పాతచీర పేలికలలో బొమ్మలను చుట్టి భోషాణమున సర్దుచు, వారు తల యెత్తకయే నా భార్య నొక మాట యడిగిరి: ప్రక్క వీధిలో తమతో కూడ బడికి వెళ్లిన యావిడను వచ్చేయేటికి పిలువవచ్చునా యని. ఆమెయు భర్త పోయిననాటినుండి యే పేరంటమునకు గడపదాటి యెఱుగదు.