కాట్పాడి మీదుగా ఓడరేవుకు

ఓడ టికెట్లు చేతికొచ్చాక మా ఇంట్లో తెగని పంచాయితీ కారు గురించే. చిత్తూరు నుంచి చెన్నై హార్బరు 160 కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ. రాణిపేట దాటి బెంగళూరు హైవే ఎక్కితే పోవడం కష్టమేమీ కాదు. రెండు రాత్రులు మనం నీళ్ళ మీద ఉన్నప్పుడు బండి ఎక్కడుండాలన్నదే ప్రశ్న. మా నాయన సూటిగా అడిగేశాడు: "ఊరుగాని ఊర్లో బండి ఇడిసిపెట్టి సముద్రంలోకి పోతే నాకు ఆడ నిద్ర పడతాదా నాయినా?"

మేం ఎక్కబోయేది కార్డీలియా కంపెనీ వాళ్ళ ఎంప్రెస్. 1990లో రాయల్ కరీబియన్ కంపెనీ కోసం ఫ్రాన్సులో తయారైన ఓడ, పదకొండు డెక్కులు. 2022 జూన్‌లో తమిళనాడు ముఖ్యమంత్రి స్టాలిన్ జెండా ఊపడంతో చెన్నై నుంచి దాని ప్రయాణాలు మొదలయ్యాయి. పడమటి తీరంలో వానలు ముదిరి అరేబియా సముద్రం అల్లకల్లోలంగా ఉండే నెలల్లో అది ముంబయి వదిలి మన తీరానికి వస్తుంది. విశాఖలో కూడా 2023 సెప్టెంబరులో క్రూయిజ్ టెర్మినల్ ప్రారంభమైంది. కానీ మాకు విశాఖ అంటే ఒక రాత్రంతా రైల్లో గడపాలి. చిత్తూరు, తిరుపతి వాళ్ళకు ఆస్పత్రికైనా, పెళ్ళి బట్టలకైనా మొదట తోచేది చెన్నైయే. సముద్రానికీ అదే దారి.

అయితే ఓడ టికెట్టు అమ్మిన ఏజెంటు కాగితాల్లో గది నెంబరు నుంచి భోజనాల వేళల దాకా అన్నీ ఉన్నాయి. రేవుకు ఎట్లా చేరాలి, బండి ఎక్కడ పెట్టాలి అన్న రెండు ముక్కలు మాత్రం లేవు. సొంత కారు లేనివాడు, ఉన్నా డ్రైవరును పెట్టుకోలేనివాడు కూడా ఇప్పుడు ఓడెక్కుతున్నాడు. ఏళ్ళ తరబడి చీటీ కట్టి ఆ డబ్బుతో అమ్మానాన్నల్ని తీసుకుపోయేవాళ్ళున్నారు. వాళ్ళకు ఈ రెండు ముక్కలే ముఖ్యం.

అందుకని నేనే ఫోన్లు పట్టుకున్నాను. హార్బరు ప్రాంతమంతా పాత మద్రాసు. ప్యారీస్ కార్నర్, మన్నడి, బర్మా బజార్ సందుల్లో స్కూటరు నిలపడానికే జాగా వెతుక్కోవాలి. ప్రైవేటు పార్కింగ్ ఒకటి దొరికింది గానీ అక్కడ లెక్క గంటలకు. రెండు రాత్రులకు గుణిస్తే ఇద్దరు మనుషుల రైలు, ఆటో, టిఫిన్ ఖర్చులన్నీ కలిపినా దాని దరిదాపుల్లోకి రావు. రాత్రి నిలిపితే బాధ్యత మాది కాదని చీటీ వెనక అచ్చేసి ఉంటుందని కూడా చెప్పారు. ఇక రేవు లోపల ప్రయాణికుల బండ్లు రోజుల తరబడి ఉంచుకోవడానికి అది సినిమా హాలు కాదు. సి.ఐ.ఎస్.ఎఫ్. కాపలా ఉన్న చోటు.

టాక్సీ మాట్లాడదామంటే దింపేసి ఖాళీగా తిరిగొచ్చే కిలోమీటర్లకు కూడా మనమే కట్టాలి. పైగా తమిళనాడు పర్మిట్, టోలు, డ్రైవరు బత్తా. మళ్ళీ తీసుకురావడానికి ఇంకోసారి అంతే. సొంత కారులో పోయినా లీటరుకు పదిహేను కిలోమీటర్ల లెక్కన ఒక వైపుకే పదకొండు లీటర్ల పెట్రోలు తాగుతుంది. నలుగురికి పైన ఉన్న కుటుంబమైతే పెట్రోలు సర్దుకుపోవచ్చు. పార్కింగ్ మాత్రం సర్దుకోదు.

ఈ వెతుకులాటలో తగిలింది బీచ్ రైలు. వేలూరు కంటోన్మెంటు నుంచి కాట్పాడి, అరక్కోణం మీదుగా చెన్నై బీచ్ స్టేషను దాకా తెల్లవారుజామున ఒక మెమూ రైలు నడుస్తుంది. 2024 మేలో దాన్ని తిరువణ్ణామలై దాకా పొడిగించారు. గిరి ప్రదక్షిణకు పోయే మన జిల్లా వాళ్ళకు అది బాగా తెలుసు. రెండో కొస సరిగ్గా హార్బరు ఎదుట ఆగుతుందన్న సంగతి మాత్రం ఎవరూ పట్టించుకున్నట్టు లేదు. బెంగళూరు వైపు నుంచి వచ్చే ఎక్స్‌ప్రెస్‌లు ఎక్కువగా సెంట్రల్లోనే దించేస్తాయి. ఇది సెంట్రల్‌కు పోకుండా రాజాజీ సాలై ఒడ్డుకే తెచ్చి వదులుతుంది. 2024లో తిరువణ్ణామలై నుంచి బీచ్ దాకా మొత్తం టికెట్టే 50 రూపాయలు. కాట్పాడి నుంచి అంతకంటే తక్కువ.

మాకు తేలిన ఉపాయం ఇది: చిత్తూరు నుంచి కాట్పాడి దాకా మా కారే, మా బావమరిది తోలుకొచ్చి మమ్మల్ని దింపి దాన్ని వెనక్కి తీసుకుపోతాడు. బండి మా ఇంటి వాకిట్లోనే ఉంటుంది. నాయనకు నిద్ర పడుతుంది. అట్లాంటి మనిషి తోడు లేనివాళ్ళకు చిత్తూరు, వేలూరు మధ్య బస్సులకు కరువు లేదు. బైకు మీద వచ్చేవాళ్ళకు కాట్పాడి స్టేషను స్టాండు ఉంది. కొలువులకు రోజూ చెన్నై పోయొచ్చేవాళ్ళు బండ్లు పెట్టేది అక్కడే. మూడు రోజులు ఉంచాలంటే మాత్రం స్టాండు మనిషికి ముందే చెప్పి చీటీ మీద రాయించుకోవాలి.

చీకటితో బయల్దేరాం. రైల్లో పాలక్యాన్ల వాళ్ళు, పూలబుట్టల వాళ్ళు, కోర్టు పనుల వాళ్ళు. సూట్‌కేసులతో ఎక్కినవాళ్ళం మేమే. రిజర్వేషను లేదు, కాట్పాడిలో సీటు దొరుకుతుంది, అరక్కోణం వచ్చేసరికి నిలబడాల్సిందే. అమ్మ పక్కన కూర్చున్న షోళింగర్ ఆమె తమిళం, మా అమ్మ చిత్తూరు తెలుగు, ఇద్దరి మాటా ఇద్దరికీ అర్థమవుతూనే ఉంది. "ఓడలో పోతాండాం అక్కా, తిరిగి ఆడికే వస్తాది" అని అమ్మ అంటే, తిరిగి అక్కడికే వచ్చేదానికి అంత డబ్బు ఎందుకని ఆమె ఆశ్చర్యపోయింది.

మేం పోతున్న పట్టాలకు చరిత్ర ఉంది. దక్షిణ భారతంలో మొదటి రైలు 1856లో మద్రాసు రాయపురం నుంచి వాలాజా రోడ్డు దాకా నడిచింది. ఆ వాలాజా రోడ్డు కాట్పాడి దాటాక మాకు ఎదురైంది. మొదటి స్టేషను సెంట్రల్ కాదు, రేవు పక్కనున్న రాయపురం. సెంట్రల్ 1873లో వచ్చింది. రైలును సముద్రం ఒడ్డుకు తీసుకుపోవాలన్న ఆలోచన అప్పటిది. దాని ఫలం నూట డెబ్బై ఏళ్ళ తరవాత మా సామాన్లకు దక్కింది.

తిరుపతి నుంచి మా తోడల్లుడి కుటుంబం వేరేగా వచ్చింది. వాళ్ళకు పొద్దున గరుడాద్రి ఎక్స్‌ప్రెస్ ఉంది. పుత్తూరు, తిరుత్తణి మీదుగా సెంట్రల్‌కు చేరుతుంది. కారు ఇంట్లోనే పెట్టి స్టేషనుకు ఆటోలో వచ్చారు. సెంట్రల్లో దిగాక రోడ్డు దాటితే పార్క్ స్టేషను, అక్కడ లోకల్ ఎక్కితే ఫోర్టు తరవాత బీచ్. టికెట్టు 5 రూపాయలు. సామాను బరువైతే సెంట్రల్ కింది నుంచే మెట్రోలో ఒక్క స్టేషను పోయి హైకోర్టు దగ్గర దిగొచ్చు, లిఫ్టులున్నాయి. వాళ్ళ పక్కింటివాళ్ళు మాత్రం తిరుపతి బస్సెక్కి ఊత్తుకోట మీదుగా మాధవరం చేరారు. ఆంధ్ర వైపు బస్సుల కోసం 2018లో కట్టిన బస్టాండు అది. అక్కడి నుంచి హార్బరుకు మళ్ళీ సిటీ బస్సు, లేదంటే ఆటో. మాధవరం దాకా చవకే, ఆ తరవాతి ముక్కలోనే డబ్బు కరిగిపోయింది.

బీచ్ స్టేషనులో దిగినప్పుడు పదవుతోంది. 1931లో తాంబరం నుంచి తొలి ఎలక్ట్రిక్ లోకల్ నడిచింది ఇక్కడికే. బయటికొస్తే రాజాజీ సాలై, ఎదురుగా రేవు గోడ. ఇటు పక్క బర్మా నుంచి తిరిగొచ్చినవాళ్ళ కోసం 1969లో వెలసిన బర్మా బజార్. దుకాణాలు అప్పుడప్పుడే తెరుస్తున్నారు. రేవు గోడ ఎదురుగా ఉన్నంత మాత్రాన గేటు ఎదురుగా ఉండదు. హార్బరుకు గేట్లు చాలా ఉన్నాయి, మనకు పనికొచ్చేది టికెట్టు మీద రాసిన నెంబరు ఒక్కటే. ఎండలో వయసు మళ్ళినవాళ్ళతో, చక్రాల పెట్టెలతో ఆ పేవ్‌మెంటు మీద నడవడం మంచిది కాదు. ఆటో మాట్లాడుకున్నాం. డ్రైవరు తెలుగు విని, "ఎందా ఊరు సార్, చిత్తూరా?" అని సగం సగం భాషలో మాట కలిపి న్యాయమైన ధరకే దింపాడు. గేటు దగ్గర సి.ఐ.ఎస్.ఎఫ్. వాళ్ళు టికెట్టూ ఆధారూ చూసి పంపారు.

ఈ చివరి కిలోమీటరే నన్ను బాధించింది. కాట్పాడి నుంచి ఇక్కడి దాకా 50 రూపాయల లోపు చేర్చిన వ్యవస్థ ఉంది. స్టేషను నుంచి గేటుకు ముసలివాళ్ళను చేర్చే చిన్న బండి లేదు. ఫలానా గేటు ఇటు అని చెప్పే బోర్డు నాకు ఎక్కడా కనపడలేదు. ఓడ వచ్చే రోజులు ముందే తెలుసు, వచ్చే జనమెంతో ముందే తెలుసు. ఆ పూటకు స్టేషనుకూ గేటుకూ మధ్య ఒక మినీ బస్సు తిప్పితే ఎన్ని కార్లు ఊళ్ళలోనే ఆగిపోతాయో!

ఈ రేవు నుంచి మన ప్రాంతం వాళ్ళు ఓడెక్కడం కొత్త కాదు. 1860లో ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచే బయల్దేరి దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కు మొదటి కూలీలను చేర్చింది. ఆ తరవాతి ఏళ్ళలో ఉత్తర ఆర్కాటు జిల్లా నుంచి ఎంతోమంది అట్లా వెళ్ళారు. అప్పటికి చిత్తూరు ఆ జిల్లాలోనే ఉంది, వేరే జిల్లా అయింది 1911లో. చెరకు తోటల్లో ఒప్పందపు పనికి పోయిన వాళ్ళలో చాలామంది తిరిగి రాలేదు. 1970ల దాకా సింగపూరుకు నడిచిన రజులా ఓడ పేరు మా నాయనకు గుర్తుంది. ఓడ డెక్కు మీద నిలబడి తీరం వెనక్కి పోవడం చూస్తూ ఆయన అడిగింది ఆ కూలీల గురించే, వాళ్ళు రేవు దాకా ఎట్లా వచ్చుంటారని. ఎడ్లబండ్ల మీదా, కాలినడకనా, అని ఆయనే జవాబు చెప్పుకున్నాడు.

తిరుగు ప్రయాణం గురించి కొంచెం జాగ్రత్త. ఓడ పొద్దునే రేవులో కట్టేస్తుంది, జనమంతా ఒక్కసారిగా బయటపడతారు, అప్పుడు గేటు ముందు ఆటో ధర రెట్టింపు. గంటసేపు ఆగి నిదానంగా దిగినవాళ్ళకు మామూలు ధరకే దొరికింది. కాట్పాడి వైపు బీచ్ రైలు తిరిగి బయల్దేరేది సాయంత్రం ఆరింటికి. అంతసేపు పెద్దవాళ్ళను కూర్చోబెట్టలేక మేం హైకోర్టు దగ్గర మెట్రో ఎక్కి, సెంట్రల్లో లైను మారి, కోయంబేడు బస్టాండుకు పోయి చిత్తూరు బస్సు పట్టాం. తిరుపతి వాళ్ళకైతే సాయంత్రం గరుడాద్రి ఉండనే ఉంది. అమ్మకు మెట్రో నచ్చింది, బస్సు నచ్చలేదు. తక్కువ సామానుతో పోయి, ఆ పగలంతా మైలాపూరులోనో టి.నగర్‌లోనో గడపగల ఓపిక ఉన్నవాళ్ళు మాత్రం ఆరింటి రైలునే నమ్ముకోవచ్చు. బయల్దేరేది బీచ్ నుంచే కాబట్టి అరగంట ముందు పోతే కిటికీ పక్క సీటే దొరుకుతుంది.