సోదాకు సాక్షి

లా చదివే రోజుల్లో, కేసుల పట్టికలో "కురుమ" అన్న పేరు చూసి, మన గొర్రెలకాపరి ఎవడో లండన్ దాకా అప్పీలు చేసుకున్నాడనుకున్నాను. తీరా చదివితే అతడు కెన్యా మనిషి.

1952లో కెన్యాలో బ్రిటిషు ప్రభుత్వం అత్యవసర పరిస్థితి ప్రకటించింది. అనుమతి లేని తూటా దగ్గర దొరికితే ఉరిశిక్ష పడవచ్చు. సెలవుమీద సైకిలెక్కి ఇంటికి పోతున్న కురుమను పోలీసులు ఆపి సోదా చేశారు. రెండు తూటాలు దొరికాయన్నారు. నా దగ్గర లేవన్నాడతను. వారంటు లేకుండా సోదా చేసే అధికారాన్ని, ప్రభుత్వం తాను రాసుకున్న నిబంధనల్లోనే, అసిస్టెంటు ఇన్‌స్పెక్టరుకూ ఆపై వారికీ మాత్రమే ఇచ్చింది. సోదా చేసినవాళ్ళు కానిస్టేబుళ్ళు. ఒక జేబుకత్తి కూడా దొరికిందన్నారు గాని, ఆ కత్తి కోర్టుకు రాలేదు. విచారణలో కూర్చున్న ముగ్గురు అసెసర్లూ నిర్దోషి అన్నారు. మేజిస్ట్రేటు వారి మాట తోసిపుచ్చి ఉరిశిక్ష వేశాడు.

1954లో ప్రివీ కౌన్సిలు తరఫున లార్డ్ గొడార్డ్ చెప్పిన తీర్పు సారాంశం ఇది: సాక్ష్యం కేసుకు సంబంధించినదైతే చాలు, దాన్ని ఎలా సంపాదించారన్నది కోర్టుకు పట్టదు. వాస్తవాల విషయంలో మాత్రం ప్రభువులకు కొంత మనసు కుదరలేదు. ఆ సంగతి వలసల మంత్రికి విన్నవించి, అప్పీలు కొట్టేశారు.

సామ్రాజ్యం పోయినా సూత్రం పోలేదు. 1973లో పూరణ్‌మల్ కేసులో, ఆదాయపు పన్ను సోదాల సందర్భంగా, మన సుప్రీంకోర్టు ఈ తీర్పునే ఆసరా చేసుకున్నది. 1999లో బల్దేవ్ సింగ్ కేసులో మాత్రం, మాదకద్రవ్యాల సోదాకు ముందు మనిషికి అతని హక్కు చెప్పకపోతే, అలా దొరికిన సరుకును అతని దగ్గర వుందనడానికి రుజువుగా వాడరాదన్నది. తలుపు కొంచెం తెరుచుకున్నది, అంతే.

ఇదంతా నాకు పుస్తకంలో సంగతిగానే వుండిపోయేది. కాని ఒకసారి నేనూ పంచనామాలో సంతకం పెట్టాను. రోడ్డు పక్క టీ తాగుతుంటే పిలిచారు. గుడిసెలోంచి సారా తెచ్చి బయట పెట్టారు. లోపల ఎక్కడ దొరికిందో నేను చూడలేదు. చూశానని రాసివున్న కాగితం కింద, బస్సు తప్పిపోతుందని, సంతకం గీకాను. కోర్టులో నన్నడిగింది ఒక్కటే: "ఈ సంతకం మీదేనా?" నాదేనన్నాను. ముద్దాయి వకీలు మరో ప్రశ్న వెయ్యలేదు. నేనూ అడక్కుండా నోరు విప్పలేదు. అతనికి ఆర్నెల్లు పడింది. అప్పీలు కోర్టు, చదువుకున్న స్వతంత్ర సాక్షిని నమ్మకపోవడానికి కారణం లేదని రాసింది.

ఆ వాక్యం చదివాక నాకు అప్పీలు అంటే ఏమిటో తెలిసింది. పై కోర్టు గుడిసెను చూడదు, మనిషిని చూడదు, కాగితాన్ని చూస్తుంది. కింది రెండు కోర్టులూ ఒకే మాటంటే, ఆపై కోర్టు సాధారణంగా వాస్తవాల్ని తిరగతోడదు. కింద కలిసిన అబద్ధం పైకి పోయినకొద్దీ గౌరవం సంపాదిస్తుంది.

ఎవరు సోదా చెయ్యాలి, ఎవరి ఎదట చెయ్యాలి అన్న నిబంధనల్ని సాంకేతిక విషయాలని తేలిగ్గా తీసేస్తారు. డబ్బున్నవాడికి సాక్షులుంటారు. లేనివాడికి ఆ నిబంధనే సాక్షి. దాన్ని ఉల్లంఘించినా ఫరవాలేదన్న కోర్టు, అతని ఒక్క సాక్షినీ బయటికి పంపేస్తున్నది. 2024 జూలై నుంచి కొత్త చట్టం ప్రకారం సోదాను వీడియో తియ్యాలి. మంచిదే. కాని ఆ నాడు నా రెండు కళ్ళూ అక్కడే వున్నాయి. అవి ఏమి చూశాయో ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.