గడువు దాటకముందే ఒక మాట

అప్పున్న మనిషి షావుకారు ఇల్లున్న వీధి మానేసి చుట్టు తిరిగి వెళ్తాడు. పెళ్లిలో ఆయన బంతి లేచేదాకా పందిరి బయటే తచ్చాడతాడు. ఇప్పుడు ఆ వీధి ఫోనులోకి వచ్చింది. తెలియని నంబరు మోగితే ఇంట్లో ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు, మోగి మోగి ఆగేదాకా ఎవరూ తియ్యరు. వడ్డీ కంటే ఈ మొహం చాటెయ్యడమే ఎక్కువ సంసారాలను ముంచిందని నా నమ్మకం.

మా మేనమామ మిర్చి రైతు. ఏటా అప్పు ఉండేది కానీ అప్పులవాళ్ల భయం ఉండేది కాదు. పంట దెబ్బతిన్న ఏడు, గడువు రాకముందే తనే వెళ్లి షావుకారు అరుగు మీద కూర్చునేవాడు. "షావుకారుగారూ, కాయ సగం తాలైపోయింది. అసలు కదిలించలేను. వడ్డీలో ఇంత తెచ్చా, తక్కింది రెండో కోత అమ్మి ఉగాదికి ఇస్తా" అనేవాడు. ఆయన కాసేపు గొణిగి, ట్రంకుపెట్టెలోంచి ప్రోనోట్ల కట్ట తీసి, మామయ్యది వెతికి, వెనక్కి తిప్పి తేదీ, రూపాయలు రాసి ముందుకు జరిపేవాడు. మామయ్య చదువుకుని సంతకం పెట్టేవాడు. ఆ చెల్లు ఇద్దరికీ రక్ష. మామయ్యకు కట్టినట్టు రుజువు, షావుకారుకు నోటు కాలదోషం పట్టకుండా ఆధారం. 1963 నాటి కాలపరిమితి చట్టం ప్రకారం మూడేళ్ల గడువులోపల సంతకంతో చెల్లు పడితే ఆ రోజు నుంచి మళ్లీ మూడేళ్లు లెక్క. అందుకే ఏనాటిదో పాత బాకీ అంటూ ముక్కూమొహం తెలియనివాడు ఫోను చేసి "ఓ అయిదువందలు వెయ్యండి చాలు" అంటే, ముందు కాగితం చూపించమనాలి.

బ్యాంకు అప్పుకు అరుగు లేదు. ఫోను చేసే కుర్రాడు ఏ ఊళ్లోనో కూర్చుని ఎదురుగా ఉన్నది చదువుతాడు, వాయిదా మార్చే అధికారం అతనికి ఉండదు. అతనితో గొడవపడీ లాభం లేదు, బతిమాలీ లాభం లేదు. "ఎల్లుండి వేసేస్తానండీ" అని తప్పించుకుంటే మరీ నష్టం. ఆ ఎల్లుండి వాళ్ల రికార్డుకెక్కుతుంది. అలా రెండుసార్లు మాట తప్పాక, మూడోసారి నిజమే చెప్పినా వినేవాడుండడు. పదివేలని చెప్పి తప్పేకంటే రెండువేలని చెప్పి కట్టడం నయం.

నేరుగా బ్రాంచికి వెళ్లాలి, అదీ తొందరగా. వాయిదా తప్పి 90 రోజులు దాటితే ఆ ఖాతా మొండిబాకీల్లోకి వెళ్తుంది. దాని కోసం బ్యాంకు తన ఆదాయంలోంచి సొమ్ము పక్కన పెట్టాల్సి వస్తుంది. ఆ మూడు నెలల్లో మన మాట వినడంలో మేనేజరుకూ స్వలాభం ఉంది. ఉద్యోగం పోయిందో, ఆస్పత్రి ఖర్చు మీద పడిందో, నెలకు ఎంత కట్టగలమో, ఏ తేదీ నుంచో ఒక్క పేజీలో రాసి, గడువు పెంచి వాయిదా తగ్గించమని అడగాలి. రెండో ప్రతి మీద అందినట్టు ముద్ర వేయించుకోవాలి. నోటిమాటగా ఒప్పుకున్నది ఆ మేనేజరుకు బదిలీ అయిన రోజే పోతుంది.

మాట్లాడటమంటే తలవంచడం కాదు. బ్యాంకు తరఫు వసూలు ఏజెంటు ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత ఫోను చెయ్యకూడదని రిజర్వు బ్యాంకు నిబంధన. బూతులు, బెదిరింపులు, బంధువుల ముందు పరువు తియ్యడం అసలే కుదరదు. బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి 30 రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ దగ్గరకు పైసా ఖర్చు లేకుండా వెళ్లవచ్చు. 2020 చివర్లో హైదరాబాదులో బయటపడ్డ లోన్ యాప్‌ల దుర్మార్గం తలుచుకుంటే ఇప్పటికీ కడుపు రగులుతుంది. అప్పు తీసుకున్నవాళ్ల ఫోనులోని నంబర్లన్నిటికీ 'వీడు దొంగ' అని పంపేవాళ్లు. కొందరు ప్రాణాలే తీసుకున్నారు. ఆ యాప్‌లవాళ్ల చేతిలో ఉన్న ఆయుధమల్లా మన సిగ్గు. అప్పు సంగతి అప్పులవాడి కంటే ముందు మన నోటితోనే ఇంట్లో చెప్పేస్తే ఆ ఆయుధం సగం మొద్దుబారుతుంది. భార్యకు, అన్నదమ్ములకు చెప్పడం కష్టమే. అయినా చెప్పాలి.

ఇల్లు తాకట్టులో ఉంటే ఇంకో సంగతి. 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద ఇల్లు స్వాధీనం చేసుకునే ముందు బ్యాంకు 60 రోజుల నోటీసివ్వాలి. ఆ నోటీసును చాలామంది విప్పకుండానే బీరువాలో పెడతారు. విప్పి చదివి, లెక్కలో తేడా ఉంటే అభ్యంతరం రాస్తే, దాన్ని ఒప్పుకోని పక్షంలో 15 రోజుల్లో కారణాలతో జవాబివ్వడం బ్యాంకు బాధ్యత.

చివరకు సెటిల్‌మెంట్‌కు ఒప్పుకున్నా, ఎంతకు ఒప్పుకున్నారో తెలిపే ఉత్తరం చేతికొచ్చాకే డబ్బు కట్టాలి. 'సెటిల్డ్' అన్న ముద్ర క్రెడిట్ రిపోర్టులో కొన్నేళ్లు ఉంటుందనీ, కొత్త అప్పుకు అడ్డొస్తుందనీ తెలిసే ఒప్పుకోవాలి. కట్టాక బాకీ లేదన్న పత్రం అడిగి తీసుకోవాలి. ఇంటి దస్తావేజులు బ్యాంకు 30 రోజుల్లో తిరిగి ఇవ్వాలి. తన తప్పు వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయల చొప్పున బ్యాంకే మనకు కట్టాలి.