అటక దిగిన వీణ

లెక్కల టీచరు కదా, ఆమెకి ఏ విషయమైనా అంకెల్లో చెబితేనే బుర్రకెక్కుతుంది. విశాఖపట్నంలోని ఓ హైస్కూల్లో పదో తరగతికి పాఠాలు చెప్పే ఆ నలభై రెండేళ్ల టీచరుకి ఓరోజు చేతిలోని ఫోనే లెక్క చెప్పింది... రోజుకి సగటున నాలుగు గంటలు తనతోనే గడుపుతున్నారని! అందులో స్కూలు పని కోసం చూసేది తీసేస్తే తగ్గుతుందేమో అనుకుంది. తగ్గింది పది నిమిషాలే. మిగతాదంతా ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్ గ్రూపులే.

పెన్ను తీసి నాలుగుని 365తో గుణించింది. ఏడాదికి 1,460 గంటలు. దాని పక్కనే ఇంకో లెక్కా వేసింది. చిన్నప్పుడు ఆరేళ్లపాటు రోజూ గంటసేపు వీణ సాధన చేసింది. అదంతా కలిపితే 2,190 గంటలు. అంటే, ఆరేళ్ల సాధనకు పట్టిన సమయాన్ని ఫోను ఏడాదిన్నరలో మింగేస్తోంది!

నాన్న కొన్న వీణ

ఆమె పుట్టిపెరిగింది విజయనగరంలో. 1919లోనే సంగీత కళాశాల పెట్టి, ఆదిభట్ల నారాయణదాసుని తొలి ప్రిన్సిపాల్‌గా కూర్చోబెట్టిన ఊరది. ద్వారం వెంకటస్వామినాయుడి వయొలిన్ వినిపించిన ఊరు. అలాంటిచోట ఆడపిల్లని సంగీతానికి పంపడం పెద్ద విశేషమేమీ కాదు. గుమాస్తా ఉద్యోగం చేసే తండ్రి మాత్రం ఓ అడుగు ముందుకేసి, పీఎఫ్ మీద అప్పు తీసుకుని మరీ బొబ్బిలి వీణ కొన్నాడు. బొబ్బిలి దగ్గరి గొల్లపల్లిలో ఒకే పనసదుంగని తొలిచి చేసిన వీణ అది.

సరళీ స్వరాలు, జంట స్వరాలు, అలంకారాలు, గీతాలు దాటి వర్ణాల దాకా వచ్చింది. ఆ తర్వాత బీఈడీ, పెళ్లి, ఉద్యోగం, ఇద్దరు పిల్లలు. వీణ పాత దుప్పట్లో చుట్టుకుని అటకెక్కింది. ఎవరూ మానేయమనలేదు. తీరిక దొరకలేదంతే. పిల్లలు పెద్దయ్యి తీరిక దొరికేసరికి చేతిలో ఫోనుంది.

మళ్లీ మొదటికి

పందొమ్మిదేళ్ల తర్వాత అటక మీంచి దించితే అది వీణలా లేదు. రెండు తీగలు తెగిపోయాయి. వీణకి ఉండే 24 మెట్లూ మైనం మీదే నిలబడతాయి. ఏళ్ల తరబడి ఎండలకి ఆ మైనం బీటలు వారి, మెట్లు పక్కకి ఒరిగాయి. ఇక ఏ స్వరమూ దాని చోట పలకదు. మేళం మళ్లీ కట్టాల్సిందే. బాగుచేసే ఆయన రెండు రోజులు కూర్చుని, మైనం కరిగించి, శ్రుతి చూసుకుంటూ ఒక్కో మెట్టునీ నిలబెట్టాడు. ఏడు తీగలూ కొత్తవి వేశాడు.

మెట్లకైతే మేళం కట్టాడు కానీ వేళ్లకెవరు కడతారు? తీగ నొక్కే ఎడమచేతి వేళ్లకి ఒకప్పుడు కాయలుండేవి. అవి ఎప్పుడో మెత్తబడిపోయాయి. మాయామాళవగౌళలో సరళీ స్వరాలతో మొదలుపెడితే పావుగంటకే వేళ్లు మండిపోయాయి. స్వరాలన్నీ గుర్తున్నాయి, చెయ్యే వెళ్లట్లేదు.

లైకులు తెచ్చిన తంటా

నాలుగోరోజు సరదాగా ఫోన్‌లో రికార్డు చేసి ఫేస్‌బుక్‌లో పెట్టింది. నలభై మూడు లైకులు. ‘వావ్... మీలో ఈ కళ కూడా ఉందా!’ అన్నారు స్నేహితులు. ‘శ్రుతి కాస్త చూసుకోవాలి’ అన్నాడు దూరపు బంధువొకాయన. ఆ రాత్రి వీణ ముట్టుకోలేదు, కామెంట్లు చూస్తూ కూర్చుంది. రెండో వీడియోకి పదకొండే లైకులొచ్చాయి. తర్వాత పదిరోజులు వీణ గోడ పక్కనే ఉండిపోయింది.

అసలు చిక్కెక్కడో అప్పుడర్థమైంది. నలుగురూ చూసేలా సాధన చేయాలంటే తప్పులు చేయడానికి భయమేస్తుంది. తప్పులు చేయకపోతే సాధనే లేదు. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ రెండూ ఫోన్‌లోంచి తీసేసింది. స్కూలు గ్రూపు కోసం వాట్సాప్ తప్పదు కాబట్టి, దానికి సాయంత్రం ఓ అరగంట కేటాయించింది.

ఆ పని అనుకున్నంత తేలిక కాదు. వేలితో జరిపేకొద్దీ కొత్తవి వస్తూనే ఉండే అంతులేని పేజీని 2006లో రూపొందించిన ఏజా రాస్కిన్, దాని ప్రభావం చూశాక తానే విచారం వ్యక్తంచేశాడు. కీర్తనకి పల్లవి, అనుపల్లవి, చరణం ఉంటాయి. చరణం అయ్యాక పల్లవి అందుకుని ముగించేస్తాం. ఫోన్‌లో ఆ ముగింపే ఉండదు. అందుకే, ఉత్తినే మానేస్తే సరిపోదనీ ఆ ఖాళీలో ఇష్టమైన పనేదైనా పెట్టుకోవాలనీ 2019లో వచ్చిన ‘డిజిటల్ మినిమలిజం’ పుస్తకంలో కాల్ న్యూపోర్ట్ చెబుతాడు. ఆమె విషయంలో ఆ పని అప్పటికే గోడకి ఆనుకుని ఉంది.

పోయిందీ, వచ్చిందీ

పోగొట్టుకున్నదీ ఉంది. చిన్ననాటి స్నేహితురాలి తండ్రి పోయారన్న సంగతి పదకొండు రోజులకి కానీ తెలియలేదు. అందరూ ఫేస్‌బుక్‌లో చూసి వెళ్లొచ్చారు. ‘నువ్వు తప్ప అందరూ వచ్చారే’ అని ఆ స్నేహితురాలు అన్నప్పుడు మళ్లీ ఖాతా తెరుద్దామా అనుకుంది. తెరవలేదు. వెళ్లి ఒక పూట ఆమెతో గడిపి వచ్చింది. అప్పట్నుంచి ప్రతి ఆదివారం ఉదయం ముగ్గురు నలుగురికి ఫోన్ చేసి మాట్లాడుతోంది. అందరితో కుదరదు, కుదిరినవాళ్లతోనే.

ఇప్పుడు రాత్రి ఎనిమిది నుంచి తొమ్మిది దాకా ఫోను వంటింటి అలమారలో ఉంటుంది. ఎడమచేతి వేళ్లకి మళ్లీ కాయలు కాశాయి. ఎనిమిది నెలలకి మోహన రాగ వర్ణం దాకా వచ్చింది. చరణంలో ఇంకా తడబడుతూనే ఉంది.

సంక్రాంతికి విజయనగరం వెళ్లినప్పుడు వీణ కూడా తీసుకెళ్లింది. డెబ్భై ఎనిమిదేళ్ల తండ్రికి సంగీతం రాదు. కానీ ఆ ఆరేళ్లూ సంగీతం క్లాసు గుమ్మంలో కూర్చుని విన్నవాడు. వర్ణం అయ్యేదాకా కళ్లు మూసుకుని విని, ‘బాగుందమ్మా. రెండోకాలంలో పరుగెడుతున్నావు, చిన్నప్పుడూ అంతే’ అన్నాడు.

తిరిగొచ్చాక ఆ రెండోకాలాన్నే రోజూ నిదానంగా వాయిస్తోంది.